లైసెన్సు మీద పేరు

ఒక మనిషి ఒక ఆయుధాన్ని జీవితమంతా ప్రేమించవచ్చునా? ప్రేమించి కూడా ఎవరికీ హాని తలపెట్టని మనిషిగా మిగలవచ్చునా? నీతి అడిగితే ఇది అందరికీ ఒకటే ప్రశ్న. ఈ దేశంలో మాత్రం కాదు. ఆ మనిషి ఏ రెడ్డో, ఏ సింగో అయితే అది వంశగౌరవం, వేట సరదా, క్రీడ. అతను ఏ అహ్మదో, మహమూదో అయితే అది ముందు పోలీసు ప్రశ్న అవుతుంది, ఆ తర్వాత రాజకీయ ప్రశ్న అవుతుంది. నీతి ప్రశ్న దాకా ఎవరూ రారు. అక్కడిదాకా మేమే నడిచి వెళ్ళాలనుకుంటున్నాం. దానికి జవాబు చెప్పుకోవాల్సిన అవసరం ఇప్పుడు మా ఇంట్లోనే వచ్చిపడింది.

మేమందరం బడేఅబ్బా అని పిలుచుకునే పెద్దాయన దగ్గర ఒక పాత రివాల్వరు ఉంది. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ తయారుచేసిన .32. కాలేజీలో ఎన్.సి.సి. క్యాడెట్‌గా .22 రైఫిలు పట్టుకున్నప్పటి నుంచి ఆయనకు గురిచూసి కాల్చడమంటే ఇష్టం. నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా ఉన్న రోజుల్లో, 1974లో, లైసెన్సు తెచ్చుకుని దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అప్పటినుంచి వాళ్ళిద్దరిదీ ఒకటే కాపురం అని మా బడీఅమ్మీ వేళాకోళం చేసేది. ఆమె పోయింది. రివాల్వరు ఉంది. బడేఅబ్బాకు ఇప్పుడు 78 ఏళ్ళు.

ఇన్నేళ్ళలో ఆ రివాల్వరు కాగితాన్ని తప్ప దేన్నీ చంపలేదు. 25 మీటర్ల దూరంలో నిలబెట్టిన కాగితం. దాని నడిమధ్య వలయం వ్యాసం 5 సెంటీమీటర్లు, అంటే ఒక పెద్ద నిమ్మకాయంత. ఆ నిమ్మకాయ కోసం ఆయన నెలకు రెండుసార్లు బస్సెక్కి రేంజికి వెళ్ళేవారు. ఊపిరి సగం వదిలి ఆపడం, వేలు బిగించినట్టు తనకే తెలియకుండా బిగించడం, గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య ఖాళీని పట్టుకోవడం, ఇవన్నీ ఆయన మాకు నమాజు నేర్పినంత ఓపిగ్గా చెప్పేవారు. చేతులు వణకడం మొదలయ్యాక రేంజికి వెళ్ళడం మానేశారు. తుడవడం మాత్రం మానలేదు.

ఆదివారం పొద్దున పాత దస్తీ పరిచి దాన్ని బయటికి తీస్తారు. ఈ రకం వెబ్లీ తీరు వేరు. పైన ఉన్న గొళ్ళెం నొక్కితే గొట్టం ముందుకు వంగి, నడుము విరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. కాల్చిన తూటాల డొల్లలు ఆరూ ఒక్కసారే పైకి లేస్తాయి. గొట్టంలో ఫ్లానెల్ గుడ్డ దూర్చి తీస్తారు, చుక్క నూనె పెడతారు, వెలుతురుకేసి పట్టి లోపలి మెలికలు చూస్తారు. నీలం పూత గొట్టం చివర పూర్తిగా పోయి తెల్లటి ఇనుము కనిపిస్తుంది. పిడి మీది గీతలు ఆయన అరచేతికే అరిగాయి. ఆ అరుగుదల కూడా ఆయన ఒంట్లో భాగమే.

ఆయన నియమాలు మూడు. ఖాళీగా ఉందని ఎప్పుడూ నమ్మకూడదు. ఖాళీగా ఉన్నా మనిషివైపు తిప్పకూడదు. తూటాలూ రివాల్వరూ ఒకే బీరువాలో ఉండకూడదు. ప్రపంచంలో ఏ రేంజిలో అయినా ఇంచుమించు ఇవే నియమాలు. కానీ ఆయన వీటిని రేంజినుంచి మాత్రమే నేర్చుకోలేదు. బాణాలతో మస్జిదులోంచో బజారులోంచో వెళ్ళేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలు చేత్తో పట్టుకుని వెళ్ళాలని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. హాస్యానికైనా సాటి మనిషివైపు ఆయుధం చూపవద్దనీ ఉంది. ఆయుధం చేతిలో ఉన్నవాడిమీదే బరువు ఎక్కువ. మొన తన అరచేతికి గుచ్చుకున్నా సరే, ఎదుటివాడికి గుచ్చుకోకూడదు. బడేఅబ్బా ఆయుధనీతి అంతా ఇందులోనే ఉంది.

ఇదంతా చెప్పి ఆయన్ని ఏ సూఫీగానో నిలబెట్టాలని మా ఉద్దేశం కాదు. కొడవలితోనూ మనిషిని చంపవచ్చు, కానీ కొడవలి పుట్టింది గడ్డి కోయడానికి. రివాల్వరు పుట్టింది మనిషిని కాల్చడానికే. కాగితం మీది వలయాలు తర్వాత వచ్చాయి. పైగా వెబ్లీ అనేది మామూలు పేరు కాదు. బ్రిటిష్ సైన్యాధికారుల నడుములకు దశాబ్దాలపాటు వేలాడిన పేరు. ఈ గడ్డమీద ఆ అధికారం ఎట్లా నిలబడిందో అందరికీ తెలుసు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుడికి లైసెన్సు కావాలన్నారు, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభలో ఆ చట్టం మీద పెద్ద చర్చ జరిగింది. దాన్ని ఎత్తేయాలని బిపిన్ చంద్రపాల్ గట్టిగా వాదించాడు. ఆ సభకు అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ, కాంగ్రెసుకు అధ్యక్షుడైన మొదటి ముస్లిం. అప్పుడు వాళ్ళు అడిగింది తుపాకుల కోసం మాత్రమే కాదు. మమ్మల్ని నమ్మరెందుకు అని అడిగారు. లైసెన్సు అంటే రాజ్యం పౌరుడికి రాసిచ్చే నమ్మకపు కాగితం. ఎవరికి ఇస్తుంది, ఎవరికి ఇవ్వదు అన్న దాంట్లో రాజ్యం మనసు కనపడుతుంది.

కనుక ముందు మా వైపునుంచే తేల్చుకోవాలి. ఒక ముస్లిం తన పాత రివాల్వరును ప్రేమించడానికి ఏ కారణాలు చెప్పగలడు? మేం విన్నవి మూడు. ఒకటి రక్షణ. రెండు ఇజ్జత్. మూడు హునర్, అంటే చేతికి వచ్చిన విద్య.

రక్షణ అన్న కారణం వినడానికి బలంగా ఉంటుంది. మా ఇళ్ళల్లో ఈ మాట 1990 డిసెంబరులో ఎక్కువ వినిపించింది. అప్పుడు హైదరాబాదు పాతబస్తీలో కత్తిపోట్లకు మనుషులు రాలిపోతున్నారు. ఇంట్లో ఒకటి ఉంటే ధైర్యం అని అందరూ అన్నారు. కానీ నిజంగా ఏం జరుగుతుందో 2002 ఫిబ్రవరి 28న అహ్మదాబాదులో చూశాం. గుల్బర్గ్ సొసైటీలో ఎహ్‌సాన్ జాఫ్రీ ఉండేవాడు. 1977లో గెలిచి లోక్‌సభకు వెళ్ళినవాడు. ఆయన దగ్గర లైసెన్సు ఉన్న ఆయుధం ఉంది. చుట్టుపక్కల ముస్లిములు ఆయన ఇంట్లో తలదాచుకున్నారు. బయట గుంపు. సాయం కోసం ఆయన ఫోన్లు చేస్తూనే ఉన్నాడని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆ రోజు అక్కడ ఆయనతో కలిపి 69 మంది పోయారు. 2016లో ప్రత్యేక కోర్టు 24 మందిని దోషులుగా తేల్చింది. ఆ తీర్పులోనే, జాఫ్రీ కాల్పులు గుంపును రెచ్చగొట్టాయని కూడా రాసింది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఇంటిని చుట్టుముట్టిన వేలమంది ఉద్దేశాన్ని పక్కనపెట్టి ఒక ముసలాయన చేతిలోని ఆయుధాన్ని కారణాల జాబితాలోకి ఎక్కించగలిగారు. చట్టం ఇచ్చిన ఆయుధం, చట్టం ఒప్పుకునే ఆత్మరక్షణ, రెండూ ఉన్నవాడి సంగతే ఇది. దీన్నుంచి మాకు తెలిసింది ఒకటే. ముస్లిం ఇంట్లోంచి వచ్చిన తూటా ఎన్నోదైనా సరే, దాన్నే మొదటి తూటాగా లెక్కపెడతారు. అంతకుముందు పడ్డ రాళ్ళు లెక్కలోకి రావు. కాబట్టి రివాల్వరు మాకు రక్షణ అనే మాట అబద్ధం. బడేఅబ్బా దీన్ని ఏనాడో గ్రహించారు. ఇది మిమ్మల్ని కాపాడుతుందా అని అడిగితే, "అదెక్కడ కాపాడుతుంది బేటా, నేనే దాన్ని కాపాడుతున్నా" అంటారు.

రెండోది ఇజ్జత్. దీని గురించి మేం మరింత నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. తెలంగాణ ముస్లిం అంటే నవాబు, జాగీర్దారు, గోడమీద పులితల, మూల తుపాకీ అని బయటివాళ్ళు బొమ్మ గీశారు. ఆ బొమ్మను మాలో కొందరు ముచ్చటపడి గోడకు తగిలించుకున్నారు. అది దేవిడీల బొమ్మ. మా ఊళ్ళల్లో దూది ఏకినవాళ్ళకు, గాజులమ్మినవాళ్ళకు, టాంగా తోలినవాళ్ళకు, బీడీలు చుట్టినవాళ్ళకు ఏ తుపాకీ ఉంది? షేక్ బందగీకి ఏ తుపాకీ ఉంది? జనగామ ప్రాంతంలో తన భూమికోసం కోర్టుల చుట్టూ తిరిగిన పేద రైతు అతను. దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని దారికాచి చంపారు. మాలో ఎక్కువమందిది బందగీ వారసత్వమే. తుపాకీలో ఇజ్జత్ ఉందంటే తరతరాలుగా తుపాకీ లేని మా జనానికి ఇజ్జత్ లేదనాల్సి వస్తుంది. అందుకని ఈ కారణం కూడా మాకు చెల్లదు.

1948 కూడా మాదే. దాన్ని దాటవేసి ఈ విషయం మాట్లాడలేం. ఆ ఏడాది జనవరి 30న గాంధీని ఒక పిస్తోలు చంపింది. ఆ సాయంత్రం దేశంలోని ముస్లిం ఇళ్ళన్నీ ఒకే భయంతో ఊపిరి బిగబట్టాయి: చంపినవాడి పేరేమిటి? చంపింది హిందువు అని రేడియో చెప్పాకే ఆ ఊపిరి వదిలారు. దేశమంతా తండ్రిని పోగొట్టుకున్న సాయంత్రం మా పెద్దలకు తీరిగ్గా ఏడ్చే వీలు కూడా లేదు. ముందు పేరు తెలియాలి. ఆగస్టులో హైదరాబాదులో రజాకార్లు ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను కాల్చి, చేతులు నరికి చంపారు. అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. చంపినవాళ్ళవి ముస్లిం పేర్లే, చనిపోయినవాడిదీ ముస్లిం పేరే. రజాకార్ల తుపాకులు మమ్మల్ని కాపాడలేదు, మా పేరు మీద పాపం మూటగట్టాయి. సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చింది. ఆ తర్వాత జరిగిన మారణకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని పండిత్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ముస్లిముల దగ్గర ఆయుధాలు తీసేసుకుని, హిందువుల దగ్గరవి చాలాచోట్ల అట్లాగే వదిలేశారని కూడా ఆ కమిటీ చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రభుత్వం బయటపెట్టలేదు. నిరాయుధులు కావడం మంచిదే. సగంమందిని నిరాయుధుల్ని చేసి మిగతా సగం ముందు నిలబెట్టడాన్ని మాత్రం శాంతి అనరు.

ఇక మూడోది, హునర్. ఇక్కడ మేం కాసేపు ఆగాలి. ఎందుకంటే బడేఅబ్బా ప్రేమ ఇక్కడే ఉంది. వడ్రంగికి బాడిసె మీద, దర్జీకి కత్తెర మీద, సితార్ వాయించేవాడికి మిజ్రాబ్ మీద ఉండే ప్రేమ అది. చెయ్యి, కన్ను, ఊపిరి ఒక్కటయ్యే క్షణం కోసం పడ్డ యాభై ఏళ్ళ శ్రమ ఆ ఇనుములో ఉంది. కానీ బాడిసెకూ రివాల్వరుకూ తేడా ఉందని ముందే ఒప్పుకున్నాం. ఆ తేడా ఈ ప్రేమను తప్పుచేస్తుందా? మేం ఆలోచించిన మేరకు, చేయదు. ప్రమాదకరమైన వస్తువును ప్రమాదం కాకుండా యాభై ఏళ్ళు ఉంచడం కూడా ఒక హునరే. అమానత్ అనే మాటకు అర్థం అదే. నీ చేతికి వచ్చింది నీ ఇష్టానికి వాడుకోవడానికి కాదు, జవాబు చెప్పుకోవడానికి. కోపం వచ్చిన రోజులు ఆయన జీవితంలో లేవా? తమ్ముడితో ఆస్తి తగాదా, ఆఫీసులో అవమానం, 1992 డిసెంబరు. ఒక్కరోజు కూడా ఆ రెండు బీరువాల తాళాలు ఒకేసారి తెరుచుకోలేదు. ఆయన ప్రేమించింది ఆ నిగ్రహాన్నే. రివాల్వరు దానికి సాక్షి.

ఆయుధాన్ని ఇట్లా ప్రేమించడం ఈ నేలకు కొత్త కూడా కాదు. దసరాకు ఆయుధపూజ చేస్తారు. పోలీసు స్టేషన్లలో రైఫిళ్ళకు కుంకుమ పెడతారు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని జమ్మికి మొక్కుతారు. సిక్కులు కృపాణం ధరించడం వాళ్ళ మతంలో భాగమేనని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే రాసి ఉంది. వీటిమీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా దగ్గరా పీర్ల పండుగ ఉంది. తెలంగాణ ఊళ్ళల్లో ముహర్రంకు హిందువులు కూడా భుజాన ఎత్తుకునే పీరు, అలం, నిజానికి యుద్ధంలో పట్టే జెండా. 680లో కర్బలాలో ఓడిపోయినవాళ్ళ జెండా. యుద్ధం పోయింది, గెలుపూ లేదు. మిగిలిన జెండాను దుఃఖంగా మార్చుకుని ఊరంతా మోస్తోంది. కొట్టడం మానేసిన ఆయుధాన్ని ఎట్లా ప్రేమించాలో ఈ జనానికి ఎప్పుడో తెలుసు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? లైసెన్సు మీది పేరు దగ్గర. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చిన వారంలోపే ఠాణానుంచి బడేఅబ్బాకు కబురు వచ్చింది, రివాల్వరు తెచ్చి జమచేయమని. ఎన్నికలప్పుడు అయితే అందరినీ జమచేయమంటారు, అందులో పేచీ లేదు. కానీ అవి ఎన్నికలు కావు. అదే వీధిలో డబుల్ బ్యారెల్ ఉన్న ఇంకో ఇంటికి ఆ కబురు వెళ్ళలేదు. ఆయన ఏమీ అనకుండా తీసుకెళ్ళి ఇచ్చి, రసీదు తెచ్చుకున్నారు. నాలుగు నెలలకు తిరిగిచ్చారు. గొట్టం లోపల తుప్పు. ఆ తుప్పు వదిలించడానికి ఆయన వారాల తరబడి కూర్చున్నారు. కొంత పోయింది, కొంత గుంటలుగా మిగిలింది. వెలుతురుకేసి పట్టి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. రేంజిలో ఆయన గురి ఆ తర్వాత కొంచెం ఎడమకు పోయేదట. దాన్ని కూడా లెక్కవేసుకుని కాల్చడం నేర్చుకున్నానని చెబుతారు. ముస్లిముగా బతకడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఎవరో పట్టించిన తుప్పును లెక్కలో వేసుకుని, ప్రతిసారీ కొంచెం కుడికి గురిపెట్టుకుంటూ బతకడం.

పేరును బట్టి ఆయుధం అర్థం మారడం మా భ్రమ అని కొందరు మిత్రులు అంటారు. 1993 బొంబాయి పేలుళ్ళ కేసు చూడండి. సంజయ్‌దత్ ఇంట్లో ఏ.కె.-56 పెట్టుకున్నాడు. అదే సరుకుకు చెందిన ఆయుధాల సంచీని ఇంట్లో ఉంచుకుందని ఒక ముస్లిం మహిళ మీద కూడా కేసు పెట్టారు. కోర్టు అతన్ని టాడానుంచి తప్పించి ఆయుధాల చట్టం కింద దోషి అన్నది. ఆమెను టాడా కిందే దోషి అన్నది. 2013లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక చివరికి శిక్ష ఇద్దరికీ ఐదేళ్ళే. ఆధారాల తేడాలు న్యాయవాదులు చెబుతారు, వింటాం. కానీ జైలునుంచి వచ్చాక అతను మళ్ళీ హీరో. ఆమె పేరు పక్కన మిగిలిన మాట టెర్రరిస్టు. సంవత్సరాలు సమానం, మాట సమానం కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకెళ్ళిన మా పిల్లలు నిర్దోషులుగా బయటికొచ్చాక, ప్రభుత్వం వాళ్ళకు సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. ఏ నేరమూ చేయలేదని కోర్టు చెప్పిన కుర్రాడికి మంచివాడని మళ్ళీ ఇంకో కాగితం కావాలా? ఆయుధం ఉన్నవాడికి లైసెన్సు కావాలి, సబబే. మాలో కొందరికి ఒట్టి చేతులకు కూడా లైసెన్సు కావాల్సి వస్తోంది.

ఇప్పుడు మా ఇంటి ప్రశ్నకు వద్దాం. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం, లైసెన్సుదారు డెబ్బై ఏళ్ళు దాటినా, ఆయుధం పాతికేళ్ళు తన దగ్గర ఉంచుకున్నా, వారసుడి పేరుకు దాన్ని మార్పించుకునే వీలుంది. బడేఅబ్బాకు రెండు అర్హతలూ ఎప్పుడో వచ్చాయి. మార్చకుండా ఆయన కన్నుమూస్తే అది ఠాణాకో డీలరుకో చేరాలి. 2019లో చట్టం సవరించి ఒక మనిషి దగ్గర మూడు ఉండవచ్చన్నదాన్ని రెండుకు తగ్గించారు. మొదట బిల్లులో ఒక్కటే అని రాశారు, అభ్యంతరాలు రావడంతో రెండు చేశారు. తాతల ఆయుధాలు పోతాయే అని బాధపడ్డవాళ్ళ గోడు ఢిల్లీకి వినిపించింది. మంచిదే. ఒక్క రివాల్వరు ఉన్న మా ఇంట్లో మాత్రం ఎవరూ తాతల జ్ఞాపకం గురించి మాట్లాడలేకపోతున్నారు. భయం గురించే మాట్లాడుతున్నారు.

పెద్ద కొడుకు గల్ఫులో ఉంటాడు. అమ్మేయండి, మన పేరుతో అదెందుకు, రేపు ఎక్కడ ఏం జరిగినా ముందు మన తలుపే కొడతారు అంటాడు. చిన్నకొడుకు ఇవ్వడానికి వీల్లేదంటాడు. ఎవడికో భయపడి ఎందుకు వదలాలి, పంతానికైనా ఉంచుతా అంటాడు. అతను జీవితంలో ఒక్కసారి కూడా రేంజికి వెళ్ళలేదు. మనవరాలు ఒకతె ఉంది, ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. నాకివ్వండి, నేను కాలుస్తా అంటుంది. హిజాబ్ కట్టుకున్న పిల్ల రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు పెట్టడమా అని ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం మాకు మేమే పెట్టుకున్న పహరా. బడేఅబ్బా ఇవన్నీ విని, తుప్పు పట్టనివ్వనివాళ్ళకే ఇస్తానన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

మేం ఈ విషయం చాలా రోజులు తర్కించుకున్నాం. భయంతో అమ్మేస్తే ఆ నిర్ణయం మాది కాదు, మమ్మల్ని అనుమానించేవాడిది. పంతంతో ఉంచుకున్నా అది వాడి నిర్ణయమే, తలకిందులుగా. రెండింటిలోనూ మా ఇంటి బీరువా తాళం వాడి చేతిలోనే ఉంటుంది. ఇన్నాళ్ళూ అస్తిత్వం గురించి మేం మాట్లాడిన చాలా విషయాల్లోనూ ఇదే చిక్కు. ఎదుటివాడు వద్దన్నదాన్ని కావాలనడం, వాడు వేలెత్తి చూపినదాన్ని దాచుకోవడం. మా అస్తిత్వం వాడి చూపుకు జవాబుగా మాత్రమే ఉంటే అది ఎన్నటికీ మాదిగా ఉండదు.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. తుపాకీ లేని ఇల్లే మంచి ఇల్లని మీరంటే మేం మీతోనే ఉన్నాం. అన్ని ఇళ్ళ తుపాకులూ ఒకే రోజు కొలిమిలో కరిగిద్దామంటే ముందు వరసలో మేమే నిలబడతాం. మనవరాలు కూడా వస్తుంది, ఆమెకు ఎయిర్ పిస్టల్ చాలు. కానీ ఆ హితబోధ మా గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడే మీకు గుర్తొస్తే, పక్కింటి ఆయుధపూజలో సంస్కృతినీ మా బీరువాలో ప్రమాదాన్నీ చూస్తే, దాన్ని అహింస అని మేం అనలేం. సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న ముస్లిం పేర్ల కత్తులను మీరు పిల్లలకు చూపించి మురిసిపోతారు. చనిపోయినవాళ్ళ ఆయుధాలను ప్రేమించడం తేలిక. బతికున్న ముస్లిమును నమ్మడమే కష్టంగా ఉంది.

మా వాళ్ళకు కూడా ఒక మాట. ఆ రివాల్వరులో మన గతవైభవం ఏమీ లేదు. అందులో ఉన్నది ఒక ఓవర్సీరు యాభై ఏళ్ళ నిగ్రహం. దాన్ని మోయగలిగినవాళ్ళుంటే తీసుకోవాలి. రెండు బీరువాలు, రెండు తాళాలు, ఆదివారం పొద్దున, మనిషివైపు ఎన్నడూ తిరగని గొట్టం, ఇవన్నీ కలిపి తీసుకోవాలి. ఆడపిల్ల అన్న సంగతి అడ్డురాకూడదు. మోసేవాళ్ళు లేకపోతే నిస్సంకోచంగా వదిలేయాలి. ప్రాణం తీయగల వస్తువు ప్రపంచంలో ఒకటి తగ్గిందని సంతోషించాలి. ఒక్క షరతు: వదిలితే అది ఆయుధం కనుక వదలాలి. మన పేరు ముస్లిం పేరు కనుక వదలకూడదు. ఉంచుకున్నా అంతే.

బడేఅబ్బా సంతకం ఇప్పుడు వణుకుతోంది. ఈసారి లైసెన్సు గడువు ముగిసేలోపు కాగితాలు ఎవరి పేరున వెళ్ళాలో మేం తేల్చుకోవాలి. తేల్చుకుంటాం. మనవరాలు దరఖాస్తు పెడితే విచారణకు వచ్చే అధికారి ఆమె చేతిని చూస్తాడా, పేరును చూస్తాడా అన్నది మాత్రం మా చేతుల్లో లేదు. దానికి జవాబు చెప్పాల్సింది మీరు కూడా.